సీసపు గుండును 'సైజు' చేయడం: తెలుగులో ఏమందాం?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. నేను ఉండేది అమెరికాలో, మోంటానాలో. పక్కింటి పెద్దాయన దగ్గర పాత మార్లిన్ 336 రైఫిల్ ఉంది, .30-30 తూటాలు వేసే రకం. కింద ఒక మీట ఉంటుంది. దాన్ని కిందికి దించి మళ్ళీ పైకి లాగితే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. గుండ్లు ఆయనే సీసం కరిగించి పోసుకుంటాడు. రెండు ఆదివారాలు పక్కన కూర్చుని చూశాను. దాని మీద తెలుగులో ఒక వ్యాసం మొదలుపెడితే ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది: సైజింగ్.

మూసలోంచి రాలిన గుండు 0.311 అంగుళాలు ఉంటోంది. దాన్ని ఒక ఉక్కు రంధ్రంలోంచి నెట్టి 0.310కి తెస్తాడు. నేను 'గొట్టానికి సరిపోయేలా గుండును సన్నం చేయడం' అని రాశాను. మా ఆవిడ చదివి, "అయితే గొట్టంలో సులువుగా జారాలన్నమాట" అంది. విషయం దానికి పూర్తిగా ఉల్టా! గొట్టం లోపలి గోడకి మెలికలుగా గీసిన గాళ్ళుంటాయి. ఒక గాడి నుంచి ఎదుటి గాడికి కొలత 0.308. గుండు అంతకన్నా లావుగానే ఉండాలి. ఈ సంగతి చెడకుండా ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

వ్యాఖ్య

'సైజు చేయడం' అనేయండి సార్. అందరికీ తెలిసిన మాటే కదా.

వ్యాఖ్య

'పరిమాణీకరణ' ఎలా ఉంటుంది?

జవాబు

ఆ మాట పలికేలోపు జింక అడవి దాటేస్తుంది, మాస్టారూ.

వ్యాఖ్య

నేను ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేశాను. అంగుళంలో వెయ్యో వంతును మేం 'థౌ' అంటాం. తల వెంట్రుక మందం సుమారు మూడు థౌ. మీ పెద్దాయన తీసేస్తున్నది ఒక్క థౌ, గొట్టం కన్నా ఎక్కువ ఉంచుతున్నది రెండు థౌ. ఊళ్ళో పారకి కామ ఎక్కించేవాళ్ళను చూడండి. కామను కంతకు సరిగ్గా చెక్కరు, పిసరంత లావుంచి కొట్టి దింపుతారు. దాన్ని 'బిగి' అంటారు. మీ వాక్యంలో 'సరిపోయేలా' తీసేసి 'బిగిసేలా' పెట్టండి. సగం తలనొప్పి పోతుంది.

పోస్టు పెట్టినవారు

బాబాయిగారూ, 'బిగిసేలా' దొరకడమే నా అదృష్టం. ఎందుకు బిగియాలో కూడా చెప్తాను. గుండు సన్నగా ఉంటే మందు మండిన వేడి గ్యాసు దాని పక్కల సందుల్లోంచి దూసుకుపోయి సీసాన్ని కోసేస్తుంది. ఆ సీసం గొట్టం లోపల అతుక్కుంటుంది. నాలుగు కాల్పులయ్యేసరికి గొట్టానికి కళాయి పెట్టినట్టవుతుంది, గురి పోతుంది. మరీ లావైనా కుదరదు. తూటా అరలోకి ఎక్కదు, మీట మూసుకోదు.

ముందుగా గొట్టం కొలుస్తారు. గొట్టానికి నూనె రాసి, మెత్తటి సీసపు ముద్దను ఒక చివర పెట్టి కడ్డీతో మెల్లగా కొట్టుకుంటూ అవతలికి దాటిస్తారు. ఆ ముద్దను నా అరచేతిలో పెట్టాడు పెద్దాయన. దాని చుట్టూ సన్న సన్న గాళ్ళు, గట్లు, అప్పుడే చాళ్ళు తీసిన చేను ముద్దరేసినట్టు. మైక్రోమీటరు పెట్టి కొలిచేది ఈ ముద్దనే, గొట్టాన్ని కాదు.

వ్యాఖ్య

తెలుగు పంతులుగా రెండు మాటలు. పత్రికల్లో 'తూటా తగిలి' అని రాస్తారు గానీ తూటా అంటే గొట్టపు డబ్బా, మందు, గుండు అన్నీ కలిసినది. తగిలేది గుండు. మీరు రెండూ విడదీసి రాయడం బాగుంది, అలాగే ఉంచండి.

మీ ఇంటావిడ అనుకోవడంలో కూడా తప్పులేదండీ. భర్మారు తుపాకిలో మూతి దగ్గరనుంచే గుండు దింపాలి కాబట్టి అది గొట్టం కన్నా సన్నగానే ఉండాలి. మన చెవికి 'తుపాకి గుండు' అనగానే వినిపించేది ఆ పాత గుండే. రైఫిల్ అన్న పేరే గాళ్ళు గీయడం అన్న అర్థం నుంచి వచ్చింది. గాళ్ళు వచ్చి, వెనకనుంచి తూటా ఎక్కించే ఏర్పాటు కుదిరాక లెక్క తారుమారైంది.

ఇంకోటి, క్యాలిబర్ అన్న మాట అరబ్బీ 'కాలిబ్' నుంచి వచ్చిందంటారు. కాలిబ్ అంటే అచ్చు, మూస. కాబట్టి మీకు కావలసిన మాట కూడా అచ్చు చుట్టుపక్కలే దొరకాలి, వెతకండి.

వ్యాఖ్య

పంతులుగారూ, ఆ మాట మా ఇంట్లో ఉంది. మా నాన్న కంసాలి. బంగారు తీగ తీయడానికి ఉక్కు పలక ఉండేది, దాని నిండా ఒకదాని కన్నా ఒకటి సన్నటి బెజ్జాలు. తీగ మొనను పట్టకారుతో పట్టి ఒక్కో బెజ్జంలోంచి లాగేవాడు. దాని పేరు కమ్మెచ్చు. కమ్మి, అచ్చు కలిసిన మాట. కొందరు కమ్మచ్చు అంటారు. లాగేముందు తీగకి తేనెమైనం రాసేవాడు. మీ పెద్దాయన ఏం రాస్తాడండీ?

పోస్టు పెట్టినవారు

అమ్మా! ఆయన కూడా తేనెమైనమే. ఏదో గ్రీజు కలిపి గుండు చుట్టూ ఉన్న గాళ్ళలో నింపుతాడు.

వ్యాఖ్య (ఫిట్టరు)

కమ్మెచ్చు మంచి మాటే, కాదనను. కానీ అక్కడ లాగుతారు, ఇక్కడ నెడతారు. తీగ పొడుగు సాగుతుంది. గుండు సాగడానికి తీసేది ఒక్క థౌ.

జవాబు

లాగినా నెట్టినా బెజ్జం దాటాలి కదా బాబాయ్. పనిముట్టు కమ్మెచ్చు, పని 'కమ్మెచ్చు దాటించడం'. ఇంకేం కావాలి?

వ్యాఖ్య

అచ్చు అన్నారు కాబట్టి నేనూ దూరుతున్నా. ప్రెస్సులో కంపోజింగ్ చేసినవాణ్ణి. మా సీసపు అక్షరాల్లో గట్టిదనానికి ఆంటిమొనీ అనే లోహం, తగరం కలిసేవి. అమెరికాలో మూలపడ్డ లైనోటైపు (ఒక్కో లైను అక్షరాలను ఒకే ముక్కగా పోసే అచ్చు యంత్రం) సీసాన్ని గుండ్లు పోసుకునేవాళ్ళు వెతికి మరీ కొనేవారని చదివాను. నిజమేనా?

పోస్టు పెట్టినవారు

నిజమే. లైనోటైపు లోహంలో సుమారు 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. గట్టిగా ఉంటుంది, మూస మూలలన్నీ చక్కగా నింపుతుంది. ఒకే మూసలో పోసినా వట్టి సీసం గుండు కాస్త సన్నగా, ఇది కాస్త లావుగా వస్తుంది. కమ్మెచ్చు అవసరం అక్కడే పడుతుంది. పెద్దాయన డబ్బాలో కరగని లైను ఒకటి మిగిలింది, తిరగేసి ఉన్న ఇంగ్లీషు అక్షరాలతో. ఏదో ఊరి పేపరులో పశువుల వేలం ప్రకటన.

వ్యాఖ్య

గుండు మొన సూదిగా ఉంటుందా?

పోస్టు పెట్టినవారు

ఉండకూడదు. ఈ రైఫిల్లో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని అడుగున, సరిగ్గా దెబ్బ తగిలితే పేలే చోట ఆనుకుంటుంది. అందుకే మొన చదునుగా ఉంచుతారు.

వ్యాఖ్య

అంటే బోడిగుండు!

పోస్టు పెట్టినవారు

అదీ వ్యాసంలోకి ఎక్కింది. ఇప్పటికి వాక్యం ఇదీ: 'మూసలో పోసిన బోడి మొన గుండును గొట్టంలో బిగిసేలా, గాడి కొలత కన్నా రెండు థౌ లావుంచి, కమ్మెచ్చు దాటిస్తారు.' మా ఆవిడకి చదివి వినిపించాను. "అయితే జారదన్నమాట" అంది.

వ్యాఖ్య (ఫిట్టరు)

'దాటిస్తారు' తీసి 'నెడతారు' పెట్టండి. నా మాట వినండి.