డాలస్ దగ్గర పాతరకం సయామీస్ కూన కావాలి: బ్రీడర్‌ని ఎలా నమ్మాలి?

ఫ్రిస్కో_కొత్తపిల్లి:

అందరికీ నమస్తే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే, పాపకి 7 ఏళ్లు. సయామీస్ పిల్లిని తెచ్చుకుందామని ఉంది. ఇప్పటి షోల్లో కనిపించే కోసుమూతి, గబ్బిలం చెవుల రకం వద్దు. పాత ఫొటోల్లో ఉంటుందే, నిండు బుగ్గలతో, ఆ రకం. సీల్ పాయింట్ (ఒళ్లు లేతగా, ముఖం, చెవులు, పాదాలు, తోక ముదురు గోధుమరంగులో ఉండేది) అయితే బాగుండు.

రెండు దొరికాయి. ఒకటి ఆన్‌లైన్ ప్రకటన: 8 వారాల కూన, 450 డాలర్లు, ‘ఒరిజినల్ యాపిల్‌హెడ్, పేపర్లతో సహా’. ముందు 200 పంపితే ఈ వారమే ఇంటికి చేరుస్తాం అంటున్నారు. రెండోది మూడు గంటల దూరంలో ఒక క్యాటరీ (జాతిపిల్లుల్ని పెంచి అమ్మేచోటు): 1,400 డాలర్లు, అయిదు నెలలు ఆగాలి, పైగా మమ్మల్నే ఇంటర్వ్యూ చేస్తున్నారు. వీళ్ల వెబ్‌సైట్‌లో సయామీస్ అని కాకుండా ‘థాయ్’ అని ఉంది. అంటే వేరే జాతా? ఏ టెస్టులు అడగాలి? కూనను చూడటానికి వెళ్తే ఏం చూడాలి? ఇంకో మాట, మేం శాకాహారులం. పిల్లికి పెరుగన్నం సరిపోతుందా?

సీల్‌పాయింట్:

ముందు ఆ 450 డాలర్ల సంగతి వదిలేయండి. డబ్బు ముందు, కూన తర్వాత, మధ్యలో తొందర. నిజంగా కూన ఉందో లేదో తేల్చుకోవాలంటే లైవ్ వీడియో కాల్ అడగండి. కాల్‌లో తల్లి పక్కన కూన కనిపించాలి. కూనను కుడిచేత్తో ఎత్తమనండి, తోక చివర చూపించమనండి. ముందే తీసిన వీడియోతో ఆ పని చేయలేరు. ప్రకటనలోని ఫొటోను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అదే కూన నాలుగు ఊళ్లలో అమ్మకానికి కనిపించడం మామూలే. ఇంకోటి, కూనను ఎదుట చూపించకుండా అమ్మేవాళ్ల దగ్గర ఈనే పిల్లులు నాలుగు దాటితే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లైసెన్సు ఉండాలి. నంబరు అడగండి, చాలామంది అక్కడే మాయమవుతారు.

ఇక పేరు గొడవ. సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, ఈ పిల్లిని విచియన్‌మాత్ అంటారు. అందులో ‘విచియన్’ మన వజ్రమే, పాళీ మీదుగా వెళ్లింది. 1884లో బ్యాంకాక్‌లోని బ్రిటిష్ కాన్సల్ గౌల్డ్ ఒక జంటను ఇంగ్లండ్ పంపాడు, వాటి పిల్లలు 1885లో క్రిస్టల్ ప్యాలెస్ షోలో కనిపించాయి. అప్పటి పిల్లి మీరు చెప్పే రకమే. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో షో జడ్జీలు సన్నటి ఒళ్లు, పొడుగు మూతి ఉన్నవాటికే బహుమతులివ్వడంతో బ్రీడర్లూ అటే నడిచారు. పాత ఆకారం షోల్లోంచి పోయింది, కొందరి ఇళ్లలో మిగిలింది. 1990లో యూరప్‌లో డబ్ల్యూసీఎఫ్ అనే రిజిస్ట్రీ (పిల్లి జాతుల్ని నమోదు చేసే సంస్థ) ఆ పాత ఆకారానికి ‘థాయ్’ అని పేరు పెట్టి విడిగా గుర్తించింది, తర్వాత అమెరికాలోని టీఐసీఏ కూడా. సీఎఫ్ఏ అనే ఇంకో అమెరికా రిజిస్ట్రీలో మాత్రం థాయ్ అనే విడి జాతి లేదు, అక్కడ అన్నీ సయామీసే. కాబట్టి టీఐసీఏ సైట్‌లో వెతికేటప్పుడు ‘థాయ్’ కింద చూడాలి, లేకపోతే మీకు దొరికేవన్నీ కోసుమూతులే. ఆ క్యాటరీ వాళ్లు సరైన పేరే రాసుకున్నారు.

‘యాపిల్‌హెడ్’ అన్నది ఏ రిజిస్ట్రీ పేరూ కాదు, వాడుకమాట. దాన్ని పట్టుకుని బంతిలాంటి తల, పొట్టి ముక్కు ఉన్నవాటిని అంటగట్టేవాళ్లున్నారు. అసలు పాతరకానికి నుదురు పొడుగ్గా, చదునుగా ఉంటుంది. బుగ్గలు నిండుగా ఉన్నా మూతి దగ్గరికొచ్చేసరికి సన్నబడాలి. ఒళ్లు మధ్యస్థం, కండపట్టి ఉంటుంది, బొద్దుగా కాదు. ముక్కు నొక్కేసినట్టుంటే పర్షియన్ నెత్తురో, బ్రిటిష్ షార్ట్‌హెయిర్ నెత్తురో కలిసిందని అనుమానించాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం: 8 వారాల వయసులో చాలా సయామీస్ కూనల ముఖం గుండ్రంగానే ఉంటుంది. కోసుమూతి జంటకు పుట్టింది కూడా ఆ వయసులో ముద్దుగా మోసం చేయొచ్చు. ‘తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను’ అంటారు కదా, ఇక్కడ అది అక్షరాలా పనికొస్తుంది. తల్లివీ తండ్రివీ పక్కనుంచి తీసిన ఫొటోలు అడగండి. వీలైతే అదే జంటకు ముందు ఈతలో పుట్టి ఇప్పుడు రెండేళ్లు దాటినవాటివి కూడా. మీ కూన పెద్దయ్యాక ఎలా ఉంటుందో అవే చెబుతాయి.

రంగుల్లోనూ తిరకాసు ఉంది. కూనలు తెల్లగా పుడతాయి. ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైమ్ చల్లగా ఉండే భాగాల్లోనే పనిచేస్తుంది, అందుకే చెవులు, ముక్కు, పాదాలు, తోక ముందు నల్లబడతాయి. సీల్, బ్లూ అనే రంగులు త్వరగా తేలతాయి. చాక్లెట్, లైలాక్ మెల్లగా వస్తాయి. ‘చాక్లెట్, 300 ఎక్కువ’ అంటే పాదాల కింది మెత్తలు చూడండి. సీల్‌కి ముదురు గోధుమ, దాదాపు నలుపు. చాక్లెట్‌కి గులాబీ కలిసిన దాల్చినచెక్క రంగు. బ్లూకి పలక బూడిదరంగు. ఇంకా తేలని సీల్‌ని చాక్లెట్ పేరుతో అమ్మడం పాత అలవాటే.

పావ్‌ప్రింట్_హ్యూస్టన్:

పైన చెప్పినవన్నీ సరే. నేను టెస్టుల గురించే రాస్తాను.

మొదట అడగాల్సింది పీఆర్ఏ, అందులోనూ ఆర్‌డీఏసీ అనే రకం. కంటి రెటీనా మెల్లగా చచ్చిపోయే జబ్బు, సయామీస్ వంశంలో బాగా వ్యాపించింది. కూనగా ఉన్నప్పుడు చూపు మామూలుగానే ఉంటుంది. రెండేళ్ల ప్రాంతంలో వెటర్నరీ డాక్టర్ పరీక్షలో తేడా కనిపిస్తుంది, మూడు నుంచి అయిదేళ్ల మధ్య చూపు పోతుంది. అంటే మీరు కొనేటప్పుడు కూనను చూసి ఎవరూ చెప్పలేరు, డీఎన్ఏ టెస్టు ఒక్కటే దారి. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే చాలు, యూసీ డేవిస్ ల్యాబ్ చేస్తుంది.

ఫలితం చదవడం తెలియాలి. జబ్బు రావాలంటే రెండు వైపుల నుంచీ చెడ్డ జన్యువు రావాలి. ఒక వైపు నుంచే వస్తే అది మోసేది మాత్రమే, దానికి ఏమీ కాదు, దాన్నే క్యారియర్ అంటారు. మోసే పిల్లిని శుభ్రమైన (ఆ చెడ్డ జన్యువు అసలు లేని) పిల్లితో కలిపితే ఒక్క కూనకి కూడా జబ్బు రాదు, సగటున సగం మోసేవి అవుతాయి. కాబట్టి ‘మా ఆడపిల్లి క్యారియర్’ అని చెప్పిన బ్రీడర్‌ని చూసి పారిపోకండి. తండ్రి ఫలితం అడగండి. ఇద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కూనకీ నాలుగింట ఒక వంతు గండం, ఆ ఈతలోంచి తీసుకోకండి. ‘మా లైన్‌లో ఆ జబ్బు లేదండీ, టెస్టు అవసరం లేదు’ అన్నవాళ్లకే దూరంగా ఉండాలి.

రెండోది ఎఫ్‌ఈఎల్‌వీ (పిల్లుల ల్యుకేమియా వైరస్), ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో ఎయిడ్స్‌లాంటి జబ్బు తెచ్చే వైరస్). క్యాటరీలో ఉన్న పెద్దపిల్లులన్నిటికీ నెగటివ్ అని డాక్టర్ రిపోర్టు చూపించాలి. తల్లికి ఒక్కదానికే చేయించి చేతులు దులుపుకుంటే సరిపోదు.

మూడోది, నమ్మకూడని మాట: ‘ఎఫ్‌ఐపీ నెగటివ్ సర్టిఫికెట్ ఇస్తాం’. ఎఫ్‌ఐపీ అంటే పిల్లుల కరోనావైరస్ ముదిరి వచ్చే ప్రాణాంతకమైన జబ్బు. అలాంటి సర్టిఫికెట్ లేదు. ఆ రక్తపరీక్ష పిల్లికి కరోనావైరస్ (పిల్లులది, మన కోవిడ్ కాదు) తగిలిందో లేదో చెబుతుంది, అంతే. నాలుగైదు పిల్లులున్న ఇంట్లో చాలావాటికి తగిలే ఉంటుంది. వాటిలో ఏ కొద్దివాటికో అది ఎఫ్‌ఐపీగా మారుతుంది, ఏది మారుతుందో ముందు తెలియదు. ఎక్కువగా రెండేళ్లలోపు వాటికే వస్తుంది. ఒకప్పుడు వస్తే పోయినట్టే. 2024 జూన్ నుంచి అమెరికాలో జీఎస్-441524 మందు డాక్టర్ చీటీతో దొరుకుతోంది, కాబట్టి ఇప్పుడు ఆశ ఉంది. బ్రీడర్‌ని అడగాల్సింది సర్టిఫికెట్ కాదు: గత రెండేళ్లలో ఎన్ని కేసులు వచ్చాయి, ఏ జంటకు వచ్చాయి, ఆ జంటను మళ్లీ కలిపారా?

సయామీస్‌లో లివర్ అమిలాయిడోసిస్ (లివర్‌లో ఒక ప్రొటీన్ పేరుకుపోయే జబ్బు), ఆస్తమా కూడా వంశంలో నడుస్తాయి, వీటికి డీఎన్ఏ టెస్టు లేదు. తాతముత్తాతలు ఏ వయసులో, దేనితో పోయారో అడిగి రాసుకోండి. గుర్తుంచుకుని చెప్పేవాళ్లు మంచి బ్రీడర్లు. అయిదు తరాల వంశావళి కాగితం ఇమ్మనండి, ఒకే పేరు అటూ ఇటూ పదేపదే వస్తోందేమో చూడండి. మేనరికాల మాట మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు కదా!

ఫ్రిస్కో_కొత్తపిల్లి:

చాలా థ్యాంక్సండీ. ఆ క్యాటరీ వాళ్లకి ఫోన్ చేశాను. పీఆర్ఏ ఫలితాలు వెంటనే మెయిల్ చేశారు: తల్లి మోసేది, తండ్రి శుభ్రం. కానీ తండ్రిని చూపించలేం, వేరే క్యాటరీది అన్నారు. ఇది అనుమానించాలా? 14 వారాలు నిండేదాకా కూనను ఇవ్వరట. అంత ఆలస్యమైతే మా పాపకి అలవాటవుతుందా? ఎవరైనా శనివారంలోపు చెబితే మేలు, చూడటానికి వెళ్తున్నాం.

నల్లతోక:

తండ్రి వేరే ఊళ్లో ఉండటం తప్పు కాదు, ఒకరకంగా మంచిదే. అన్నీ ఇంట్లోవాటితోనే కలిపితే మేనరికాలు పెరుగుతాయి. తండ్రి రిజిస్ట్రేషన్ నంబరు, పక్కనుంచి తీసిన ఫొటో ఉంటే చాలు. అనుమానించాల్సింది తల్లిని చూపించకపోతే.

14 వారాలు ఆలస్యం కాదు. 12కి ముందు ఇచ్చేవాళ్లనే వదిలేయాలి. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఉన్నప్పుడే కూన ఎంత గట్టిగా కొరకాలో, గోళ్లు ఎప్పుడు లోపల పెట్టుకోవాలో నేర్చుకుంటుంది. 8 వారాలకే విడదీసినది ఆ పాఠం మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది. పైగా 14 వారాలకల్లా ఎఫ్‌వీఆర్‌సీపీ (పిల్లుల మూడు ముఖ్యమైన అంటుజబ్బులకి వేసే) టీకా రెండు మూడు డోసులు పడతాయి.

శనివారం వెళ్లినప్పుడు ఇలా చేయండి. గుమ్మంలో అడుగుపెట్టగానే వాసన. అయిదారు పిల్లులున్న ఇంట్లో కొంచెం ఉంటుంది, కళ్లు మండేంత అమ్మోనియా మాత్రం ఉండకూడదు. కూనలు మనుషులు తిరిగే గదిలో పెరుగుతున్నాయా, వెనక షెడ్డులో బోనుల్లోనా? ఒక చెంచా నేల మీద పడేయండి. ఉలిక్కిపడి పారిపోయి, అర నిమిషంలో ఏంటా అని చూడటానికి వచ్చే కూన మీకు కావాలి. అసలు కదలని కూన సాధువు అనుకోకండి, ఒంట్లో బాగాలేకపోయి ఉండొచ్చు.

తర్వాత ఒళ్లో పెట్టుకుని చూడండి. చెవి లోపల కాఫీపొడిలాంటి నల్లటి చెత్త ఉంటే చెవి మైట్లు (కంటికి కనిపించనంత చిన్న పురుగులు). కంట్లో నీరు, తుమ్ములు ఉంటే ఒక్క కూనకి కాదు, ఈతకంతటికీ ఉన్నట్టే, రెండు వారాలాగి మళ్లీ వెళ్లండి. ఒళ్లు సన్నగా ఉండి కడుపు డోలులా ఉబ్బితే నులిపురుగులు. తోక ఎత్తి చూడండి, అక్కడ మరకలుంటే విరేచనాలు. వెంట్రుకలు ఊడి గుండ్రటి మచ్చలుంటే తామర, అది పాపకీ అంటుకుంటుంది. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు తగిలితే హెర్నియా, ఆపరేషన్ ఖర్చు ఎవరిదో అడగండి.

తోకను మొదలు నుంచి చివరిదాకా రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా జార్చండి. పూసల దండ లాగా సాఫీగా వెళ్లాలి. ఎక్కడైనా ముడి తగిలితే అది సయామీస్ పాత లక్షణమే, మెల్లకన్ను కూడా అంతే. రెండూ ఆ పిల్లి ఆరోగ్యానికి ఇబ్బంది కావు, షోకి మాత్రం పనికిరావు. పెంచుకోవడానికే అయితే ధర తగ్గించి అడగండి.

బరువు తూకం వేయమనండి. నెలకి సుమారు 450 గ్రాముల లెక్కన 12 వారాలకి 1.2 నుంచి 1.4 కిలోలు ఉండాలి. పుట్టినప్పటి నుంచి రాసిన బరువుల పుస్తకం చూపించే బ్రీడర్ అయితే మారుమాట లేకుండా తీసుకోవచ్చు.

ఆడా మగా అన్నది పట్టించుకోకండి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యాక పెద్ద తేడా ఉండదు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే రోజంతా ఒంటరిగా ఉండేది పిల్లి. ఇది పర్షియన్‌లా సోఫాలో పడుండే జాతి కాదు, అరిచి గోల చేస్తుంది. ఒకే ఈతలోంచి రెండు తీసుకోగలిగితే తీసుకోండి. లేదా ఈతలు మానిపించిన నాలుగైదేళ్ల పెద్దపిల్లి ఏమైనా ఉందా అని అడగండి. తక్కువకి ఇస్తారు, ముఖం ఎలా ఉంటుందో అన్న బెంగ ఉండదు.

మాదాపూర్_మీసాలు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్‌లో 15 వేలకి సయామీస్ అంటున్నారు. వెంట్రుకలు పొడుగ్గా ఉన్నాయి. తీసుకోవచ్చా?

సీల్‌పాయింట్:

పొడుగు వెంట్రుకలుంటే సయామీస్ కాదు సార్, పాయింట్ రంగున్న పర్షియన్ క్రాస్ అయ్యుంటుంది. ముక్కు నల్లగా, కళ్లు నీలంగా ఉన్నంత మాత్రాన జాతి అయిపోదు. ఆ రంగునిచ్చే ఒక్క జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే వీధిపిల్లికి కూడా అలాంటి కూన పుడుతుంది. పిల్లి నచ్చితే దత్తత తీసుకోండి, సయామీస్ ధర మాత్రం పెట్టకండి.

పావ్‌ప్రింట్_హ్యూస్టన్:

పెరుగన్నం ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, నేను చెప్తాను. కుదరదండీ. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే రావాలి, అది మాంసం, చేపల్లోనే తగినంత ఉంటుంది. టారిన్ లేకపోతే రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడి సాగిపోతుంది. పీఆర్ఏ లేని కూనను వెతికి తెచ్చి, తిండితో కళ్లు పోగొట్టినట్టవుతుంది. ఇంట్లో వండనక్కర్లేదు. ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని, కూనల వయసుకని రాసిన డబ్బా ఫుడ్ చాలు, దానికి విడిగా ఒక గిన్నె, చెంచా పెట్టుకోండి. అది కూడా ఒప్పుకోలేని ఇల్లయితే పిల్లి వద్దు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, పులుసు ఏదీ నాకనివ్వకండి, రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి. ఇంట్లో లిల్లీ పూల గుత్తి పెట్టకండి, పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి.

డబ్బు కట్టేముందు అగ్రిమెంట్‌లో మూడు మాటలు వెతకండి. తీసుకెళ్లిన 72 గంటల్లోపు మీ డాక్టర్‌కి చూపిస్తే, జబ్బు బయటపడినప్పుడు డబ్బు వెనక్కిస్తారా? మళ్లీ ఇంకో కూననే ఇస్తామంటే అది వేరే సంగతి. వంశపారంపర్య జబ్బులకి గ్యారంటీ ఎన్నేళ్లు? మీరు ఎప్పుడైనా పెంచుకోలేని పరిస్థితి వస్తే పిల్లిని వాళ్లకే తిరిగివ్వాలని ఉందా? ఈ మూడోది చూసి విసుక్కోకండి, అది రాయనివాళ్లకి అమ్మేశాక సంబంధం లేదు. డిపాజిట్ రసీదులో ఏ తల్లి ఈతలోని కూన, ఆడా మగా, ఏ రంగు అని ఉండాలి. ఆ ఈతలో సీల్ పుట్టకపోతే తర్వాతి ఈతకి మారుస్తారో, వెనక్కిస్తారో అది కూడా రాయించుకోండి.