కార్ షెడ్డులో పని బల్ల, అరలు చేయించాలి: కర్రా, ఇనుమా? (వరద నీరు వచ్చే చోటు)

గౌతమిగట్టు (ముక్తేశ్వరం దగ్గర):

అందరికీ నమస్కారమండి. మా కార్ షెడ్డు పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పైన రేకులు. ఎడమ పక్క మా ఇంటి గోడే, 9 అంగుళాల ఎర్రిటుక. కుడి పక్క కాంపౌండు గోడ, అది సన్నంది, నాలుగున్నర అంగుళాలు. కారు కుడి పక్కకి జరిపి పెడితే ఎడమ వైపు రెండున్నర మూడడుగులు మిగుల్తాది, అక్కడ ఎనిమిదడుగుల బల్ల ఒకటి, దాని పైనా పక్కనా అరలు వేయిద్దామని. పనంటే కుర్చీలూ మంచాలూ చేసెయ్యడం కాదండి, రొయ్యల చెరువుల మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు 2 హెచ్‌పీవి, వాటి గేర్‌బాక్సులు, పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషను, ఇవన్నీ ఇప్పుడు నేల మీద చతికిలబడి విప్పుతున్నా, నడుం పోతోంది. సామాను కదలకుండా పట్టుకునే 5 అంగుళాల బెంచ్ వైసు కూడా బిగించాలి, సుత్తితో గట్టిగా బాదినా బల్ల ఊగకూడదు.

చిక్కేంటంటే మాది బాగా పల్లం. 2022 జూలై వరదకి షెడ్డులో మోకాలి కింద దాకా నీళ్ళు నిలిచాయి, కిందున్న ప్లైవుడ్ బీరువా ఉబ్బిపోయి పొరలు పొరలుగా ఊడింది, మిగిలిన చెక్కల్ని తర్వాత చెద చూసుకుంది. ఇనుప ర్యాకు ఉంది గానీ పెయింటు డబ్బాల బరువుకి మధ్యలో కుంగి, కాళ్ళు తుప్పట్టి రాలుతున్నాయి.

వడ్రంగి మేస్త్రిని అడిగితే టేకు తప్ప మాటాడొద్దంటాడు, వెల్డింగాయన రెండంగుళాల స్క్వేర్ పైపు కొట్టేద్దాం, మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదంటాడు. ఎవరి సరుకు వాళ్ళు మెచ్చుకుంటన్నారు, మధ్యలో నేను. ముప్పై వేలు దాటకూడదు. మన డెల్టాలో చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, యూట్యూబులో అమెరికావోళ్ళ వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది, ఆళ్ళకి మన చెదా లేదు మన గోదారీ లేదు.

ఆర్క్‌బాబాయ్ (రావులపాలెం):

నాది వెల్డింగ్ షాపే, కాబట్టి ఇనుమే అంటాడులే అనుకుంటారు, అనుకోండి పర్లేదు. ఫ్రేము ఇనుము, పై పలక కర్ర, ఇంక రెండో ఆలోచన వద్దు. కానీ మీ వెల్డింగాయన చెప్పిన స్క్వేర్ పైపు మాత్రం మీ షెడ్డుకి వద్దండి. ఎందుకంటే నీళ్ళు నిలిచే చోట పైపు లోపలికి ఒకసారి తడి దూరిందంటే ఇంక బయటికి రాదు, పైన పెయింటు నిగనిగలాడతా ఉంటాది, లోపల్నుంచి తినేస్తా ఉంటాది, ఓ రోజు వేలు పెట్టి నొక్కితే చిల్లు పడుద్ది. యాంగిల్‌కి, అంటే L ఆకారం ఇనప బద్దీకి, లోపలంటూ లేదు, తుప్పొస్తే కళ్ళకి కనపడుద్ది, బ్రష్షుతో గీకి మళ్ళీ పెయింటు కొట్టుకుంటారు, అయిపోయింది.

40 బై 40 బై 5 ఎంఎం యాంగిల్ తీస్కోండి, మీటరుకి 3 కిలోలు పడుద్ది. 50 బై 50 బై 2 ఎంఎం పైపు కూడా ఇంచుమించు అదే బరువు, అంచేత ఖర్చులో పెద్ద తేడా రాదు. పైపుకి మెలి తిరక్కుండా ఆగే బలం ఎక్కువ, అది మాత్రం నిజమే, అందుకే యాంగిల్‌తో చేసినప్పుడు ఏటవాలు బద్దీలు తప్పనిసరి. అసలు బల్ల ఊగేది కాళ్ళు సన్నమై కాదండి, నాలుగు పలకల చట్రం పక్కకి వాలడం వల్ల. వెనకాల మూల నుంచి మూలకి ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి ఏటవాలుగా వెల్డింగు పెట్టించండి, సుత్తి కాదు సమ్మెట ఎత్తినా కదలదు. ముందు వైపు వద్దు, మోకాళ్ళకి తగుల్తాది.

షెడ్డు గచ్చు గేటు వైపు వాలు ఉంటాది కదా, కాళ్ళన్నీ ఒకే పొడుగు కోయిస్తే బల్ల కుంటుద్ది. కాలి అడుగున పలక పెట్టి దానికి నట్టు వెల్డింగు చేయించి 12 ఎంఎం బోల్టు వేయించండి, తిప్పుకుంటూ మట్టం చూసుకోవచ్చు, పైగా యాంగిల్ నేలకి ఆనకుండా అంగుళం పైన ఉంటాది. ఆ బోల్టులు స్టెయిన్‌లెస్‌వి కొనండి. మిగతాదానికి రెడ్ ఆక్సైడ్ చాలు, కింద రెండడుగుల మేర మాత్రం ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. తుప్పు రాదని జీఐ, అంటే జింకు పూత ఇనుము, తెచ్చి దాన్ని వెల్డింగు చేయిస్తారు కొందరు, అతుకు దగ్గర జింకు ఎలాగూ కాలిపోద్ది, ఆ తెల్ల పొగ పీల్చినోడికి రాత్రికి జొరం. చేయించేవాడికేం పోయింది, చేసేది మా కుర్రాళ్ళు.

చిత్రిక (పాలకొల్లు):

బాబాయ్ గారితో ఫ్రేము వరకు ఒప్పుకుంటా. పై పలక సంగతి నేను చెప్తానండి, మా ఇంట్లో మూడు తరాలు వడ్రంగమే.

కొత్త టేకు మీ బడ్జెట్లో రాదు, వచ్చినా అది లేత కర్ర, చుట్టూ తెల్ల చేవలేని భాగమే ఉంటాది, చెదకి టేకైనా ఒకటే మామిడైనా ఒకటే ఆ తెల్లదాన్లో. చేవ ఉన్నది కావాలంటే పాత కలప కొట్లకి వెళ్ళండి. ఇప్పుడు ఊరూరా మండువా లోగిళ్ళు పీకేస్తన్నారు కదా, ఆ దూలాలు, వాసాలు అక్కడికే చేరతాయి. ఒక మంచి టేకు దూలం దొరికితే కోత మిల్లులో రెండంగుళాల పలకలు కోయించుకుంటే ఇంక అలాంటి బల్ల ఈ జిల్లాలో ఇంకోడికి ఉండదు. మిల్లుకి పంపే ముందు అయస్కాంతం ఒకటి తీసుకెళ్ళి దూలమంతా తడమండి, లోపల విరిగిన మేకులు ఉంటాయి, బ్లేడు పోయిందంటే మిల్లాయన మీ మీద పడతాడు.

ఫ్రీగా వస్తందని కొబ్బరి మొద్దు కోయించమని ఎవరో ఒకరు చెప్తారు చూడండి మీకు. ముసలి చెట్టు మొదలు భాగంలో పై చెక్క రాయిలా ఉంటాది నిజమే, కాలవల మీద దాటడానికి వేసేది అందుకే, కానీ లోపలంతా మెత్తటి పీచు. అంచులు చూసి ముచ్చటపడి పలకలు కోయిస్తే మధ్యవి వైసు బోల్టుల్ని పట్టవు. మామిడి సెంట్రింగుకి సరే, రెండేళ్ళకి పుచ్చు. నల్లతుమ్మ చేవ బ్రహ్మాండం, బండి చక్రాలు చేసిన కర్ర అది, కాకపోతే ఎనిమిదడుగులు వంకర లేకుండా దొరకాలంటే మీ అదృష్టం.

ఇవేం దొరక్కపోతే ప్లైవుడ్డే, కానీ మీకు పోయిన రకం కాదు. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకి కూడా పొరలు ఊడని రకం) 19 ఎంఎం ఒక్క షీటు కొనండి. షీటు ఎనిమిది బై నాలుగు వస్తాది, దాన్ని పొడుగ్గా సగానికి కోయిస్తే ఎనిమిది బై రెండు ముక్కలు రెండు, రెండూ ఒకదాని మీద ఒకటి వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్ పట్టించి స్క్రూలు బిగించి అతికించేస్తే 38 ఎంఎం పలక, మీకు కావల్సిన సైజే, ముక్క వేస్టవదు. జిగురు మాత్రం మొత్తం పరచాలి, అంచుల్లో గీత గీసి వదిలేయడం కాదు. కోసిన అంచులకి కూడా జిగురో ప్రైమరో పట్టించండి, ప్లైలోకి నీరు దూరేది పక్కల్నుంచే.

పాత టేకు పలకలు వేస్తే ఫ్రేముకి బిగించే బెజ్జాలు గుండ్రంగా కాకుండా అడ్డంగా కాస్త పొడుగ్గా కొట్టించండి. కర్ర శ్రావణ మాసంలో ఉబ్బుద్ది, వైశాఖంలో ముడుచుకుంటాది, దాన్ని కదలనివ్వకపోతే నిలువునా పగుల్తాది. వార్నిషు వద్దు, మోటారు విప్పే బల్లకి వార్నిషు రెండు నెలలు. లిన్సీడ్ ఆయిలు (అవిసె నూనె) పట్టించండి, ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి రేకుల షెడ్డులో మూల పడెయ్యకండి, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి, తీగ మీద విడివిడిగా ఆరేయాలి. అడుగు వైపుకి జీడిపిక్క పెంకు నూనె దొరికితే అదే మందు, మన వైపు పడవలకి పూసేది, చెద దరి చేరదు. చేతులకి గ్లవుజులు లేకుండా ముట్టుకున్నారా, బొబ్బలే.

లెక్కలమాస్టారు (భీమవరం):

బల్ల గురించి పై ఇద్దరూ బాగా చెప్పారు, చిత్రిక గారు జిగురు మొత్తం పరచమన్నది చాదస్తం కాదండి, దానికి లెక్క ఉంది. రెండు 19 ఎంఎం పలకలు ఊరికే ఒకదాని మీద ఒకటి పెడితే బిగువు, అంటే వంగకుండా ఆగే బలం, రెండింతలు, పూర్తిగా అతికి ఒకటే పలక అయితే ఎనిమిదింతలు. మందం రెట్టింపైతే వంగేది ఎనిమిదో వంతుకి పడిపోద్ది.

ఇప్పుడు మీ కుంగిన ర్యాకు సంగతి. ఇది మందం కన్నా ఆనుకుల మధ్య దూరం వల్ల వచ్చే జబ్బు. అదే మొత్తం బరువు రెండడుగుల అర మీద పెడితే ఎంత కుంగుద్దో నాలుగడుగుల అర మీద దానికి ఎనిమిదింతలు కుంగుద్ది. పైగా పొడుగు అర ఉంటే మనం ఊరుకోం కదా, దాన్నీ నింపేస్తాం, అప్పుడు బరువూ రెట్టింపు, మొత్తం పదహారింతలు. 20 లీటర్ల పెయింటు బకెట్టు పాతిక కిలోల పైనే ఉంటాది, నాలుగడుగుల అరలో వరసగా నాలుగు పడతాయి, అంటే వంద కిలోలు దాటేసినట్టు. కాబట్టి 19 ఎంఎం ప్లైకి రెండున్నర అడుగులకొక నిలువు కాలు పెట్టించండి, అర ముందంచు కింద యాంగిల్ ఒకటి పొడుగునా వేయించండి.

గోడకి బ్రాకెట్లు కొట్టి వేలాడదీసే బదులు నేల మీద నిలబడే అరలే మంచివి. బరువంతా కాళ్ళ మీదుగా భూమ్మీదకి పోద్ది, గోడ బోల్టు పని ముందుకి పడకుండా పట్టుకోవడం ఒక్కటే. బల్ల పైన మాత్రం బ్రాకెట్లు తప్పవు, అవి మీ 9 అంగుళాల గోడకే, కాంపౌండు గోడ జోలికి పోకండి. బ్రాకెట్టు నిలువు భాగం ఎంత పొడుగుంటే పై బోల్టు మీద లాగుడు అంత తక్కువ. గోడ నుంచి 7 అంగుళాల దూరంలో వంద కిలోలు ఉంటే, 12 అంగుళాల నిలువు భాగానికి పై బోల్టుల మీద 58 కిలోల లాగుడు, అదే 6 అంగుళాల బుల్లి బ్రాకెట్టుకైతే 117. బెజ్జం ఇటుక మధ్యలో పడాలి, ప్లాస్టరింగు మందం లెక్కలోకి తీసుకోకండి, అది పట్టుకోదు.

ఇంకోటి, మన వంటిళ్ళల్లో కడప బండ అరలు ఉంటాయి, షెడ్డులో ఎందుకు వేయించుకోరో నాకర్థం కాదు. ఇటుక పిల్లర్లు కట్టి కింది అర ఒక్కటి కడప బండతో వేయించండి. చెద తినదు, తుప్పట్టదు, వరదలో మునిగినా కడుక్కుంటే కొత్తదే. అంగుళం మందం, 15 అంగుళాల వెడల్పు, నాలుగడుగుల బండ ఒక్కోటి సుమారు 30 కిలోలు, ఇద్దరు మోసేస్తారు.

చిత్రిక (పాలకొల్లు):

మాస్టారూ, బండ మీద గేర్‌బాక్సు చెయ్యి జారిందంటే రెండు ముక్కలు. నూనె డబ్బాలకీ బకెట్లకీ అయితే సరే, పాత టైరు రబ్బరు పరుచుకోమనండి.

మందారం (అమలాపురం):

కారు అమ్మేస్తే షెడ్డంతా ఖాళీ కదండీ, ఇన్ని లెక్కలు దేనికి 😄

సరే జోకు పక్కన పెడితే, చెద గురించి ఒక మాట. మందు కొట్టించే ముందు బల్లనీ అరల్నీ గోడకి అంటించకుండా రెండంగుళాల సందు వదలండి. చెద గోడ మీద మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాది, సందుంటే టార్చి వేస్తే కనపడుద్ది, అంటించేస్తే బల్ల డొల్ల అయ్యాక తెలుస్తాది. గోడకి పట్టు కావాలంటే ఇనప ముక్క మధ్యలో పెట్టి బోల్టు వేయండి. చెద మందు క్లోరిపైరిఫాస్ పోయించుకోమని అందరూ చెప్తారు, మీకు చెరువులున్నాయి కాబట్టి జాగ్రత్త, రొయ్యకి అది విషం, కడిగిన నీళ్ళు బోదెలోకి వదలకండి.

గౌతమిగట్టు:

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఫ్రేము యాంగిల్‌తోనే, రేపే కొలతలిస్తా. పలకకి ముందు పాత కలప చూస్తా, కుదరకపోతే ఐఎస్ 710. కడప బండ ఐడియా మా ఆవిడకి తెగ నచ్చింది, అందులో సగం ఆవిడ పచ్చడి జాడీలకి అడుగుతోంది, అది వేరే గొడవ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అదే నీటి మట్టం 13.75 అడుగులు, ఎగరేశారంటే మేం ఎలాగూ కింది సామాను పైకెత్తుకుంటాం, కాబట్టి మోటార్లు రెండో అరలో, బకెట్లు బండ మీద. బల్ల ఎత్తు ఎంత పెట్టించమంటారు? నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. వైసు ఏ మూల పెట్టాలి?

ఆర్క్‌బాబాయ్ (రావులపాలెం):

ముందు వైసు కొనండి, తర్వాత ఎత్తు. నిలబడి మోచెయ్యి మడిస్తే మోచెయ్యి ఎంత ఎత్తుందో వైసు దవడల పైభాగం అంత ఎత్తులో ఉండాలి, ఆకురాయి పట్టేప్పుడు భుజం లేవకూడదు. మీ ఎత్తుకి మోచెయ్యి ఇంచుమించు 42 అంగుళాలు వస్తాది, అందులోంచి వైసు ఎత్తు తీసెయ్యండి, బల్ల 35 దగ్గర తేల్తాది. వైసు సరిగ్గా కాలు మీద రావాలి, రెండు కాళ్ళ మధ్యలో కాదు. కదలని దవడ బల్ల అంచు దాటి కాస్త ముందుకుండాలి, లేకపోతే పొడుగు పైపు నిలువుగా బిగించేప్పుడు బల్లకి కొట్టుకుంటాది. మీరు కుడిచేతి వాటమైతే ఎడమ చివర కాలు మీద పెట్టించండి, ఆకురాయికి కుడి పక్క చోటు దొరుకుద్ది. ప్లగ్గు బోర్డు బల్ల మీద అడుగున్నర పైన, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్చి) వేయించి మరీ.

గౌతమిగట్టు:

ఎడమ చివర అంటే గేటు వైపు వస్తాది, పొడుగు పైపులు బయటికి పెట్టుకోవచ్చు, బాగానే ఉంది. వైసుకి రేపు రాజమండ్రి వెళ్తన్నా, పాత కలప కూడా అక్కడే చూసొస్తా.

చిత్రిక (పాలకొల్లు):

అయస్కాంతం మర్చిపోకండి. దూలం చివర కొత్తగా చెక్కిన చోటు చూసి కొనండి, పైన నల్లగా ఉందని వదిలెయ్యొద్దు, లోపల నూనె రంగు తేలితే అది మంచి కర్రే.