సమస్య: "నురుగు నఱికెను గంఠము నూత్నరీతి"

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది తేటగీతి (నాలుగు పాదాల చిన్న పద్యం) చివరి పాదం; ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. మంత్రానికీ మహిమాయుధానికీ లొంగని శత్రువును మహిమ గలవాళ్లే ఎలా గెలిచారన్నది విషయం. పురాణమైనా సరే, సొంత కల్పనైనా సరే. నురుగే ఎందుకు, నఱకడం ఎలా, ఈ రెంటికీ పద్యంలోనే సమాధానం ఉండాలి.

కృష్ణాతీరం:

కొండ ఱెక్కలఁ దెగఁగొట్టి కూల్చినట్టి
వజ్ర మైనను నముచిపై వ్రాలి వీఁగ
తడియుఁ బొడియును గానట్టి తరఁగపైని
నురుగు నఱికెను గంఠము నూత్నరీతి!

భాగవతం అష్టమ స్కంధంలోది. ఇంద్రుడితో యుద్ధంలో జంభుడు, బలుడు, పాకుడు అనే రాక్షసులు పడిపోయాక నముచి అనే రాక్షసుడు శూలం పట్టుకుని మీదికొస్తాడు. వృత్రాసురుణ్ణి కూల్చిన ఇంద్రుడి వజ్రం వాడి చర్మాన్ని కూడా చీల్చలేకపోతుంది. ఇంద్రుడికి ఆ ఆయుధం మీదే విరక్తి పుడుతుంది, ఇక దాన్ని పట్టనంటాడు. నాకు ఆ ఘట్టంలో ప్రాణం అక్కడే ఉంది. తడిదానితోగానీ పొడిదానితోగానీ వీడు చావడని ఆకాశవాణి చెప్పాకే నురుగు గుర్తుకొస్తుంది.

నిర్వాహకుడు: పూరణ బాగుందండీ. "తడియుఁ బొడియును గానట్టి" అన్న ఒక్క మాటతో వరంలోని సందు దొరికింది. చిన్న సవరణ: "వీఁగ" ద్రుతాంతం (చివర నకారం ఉండే పదం) కనుక "వీఁగఁ / దడియు" అని సరళాదేశం (తర్వాతి త ను ద గా మార్చడం) చేయాలి. త, ద లకు యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొందిక) చెల్లుతుంది, ఇబ్బంది లేదు.

తేనెమాట:

చెలిమిఁ జేసి పగలు రేయి చేటు లేని
బాస నిచ్చిన వాసవు పలుకు తప్ప
మంచు తెరలోన నేస్తుఁడు మడియునట్లు
నురుగు నఱికెను గంఠము నూత్నరీతి!

నాది భారతం శల్యపర్వంలోని కథ. అక్కడ నముచి ఇంద్రుడికి స్నేహితుడు. పగలుగానీ రాత్రిగానీ, తడిదానితోగానీ పొడిదానితోగానీ చంపనని ఇంద్రుడు మాట ఇచ్చి, మంచు కమ్మిన వేళ చూసి నీటి నురుగుతో తల తీస్తాడు. తెగిన తల "మిత్రద్రోహీ" అంటూ వెంటబడుతుంది. అరుణా, సరస్వతీ నదుల సంగమంలో మునిగితేగానీ ఆ పాపం వదల్లేదు. గెలుపు సరే, ఆ తల మాట నన్ను వదలడం లేదు.

కృష్ణాతీరం: అమ్మా, మూడో పాదం చాలా బాగుంది. పగలూ రాత్రీ కాని వేళను మంచుతెరతో చెప్పేశారు. అయితే తడి, పొడి మాట పద్యంలోకి రాలేదు. కథ తెలియనివారికి కత్తి ఉండగా నురుగు ఎందుకో అర్థం కాదు. "చేటు లేని బాస" కూడా కాస్త వదులుగా ఉంది.

తేనెమాట: నిజమేనండీ. వేళ మీద పెట్టిన శ్రద్ధ వస్తువు మీద పెట్టలేదు. మిత్రద్రోహాన్ని మాత్రం వదులుకోను, ఇంకో పద్యంగా రాస్తాను.

కొత్తకలం: గురువుగారూ, నాది కల్పన.

మంత్ర మంటని మేనితో మసలు వైరి
నిలుచు నేలను మాంత్రికుల్ నీట ముంచ
గట్టు తెగి వచ్చు వఱదలోఁ గలిసి పాఱు
నురుగు నఱికెను గంఠము నూత్నరీతి!

నిర్వాహకుడు: ఆలోచన నాకు బాగా నచ్చింది తమ్ముడూ. మంత్రం వాడి ఒంటికి అంటదు, కాళ్ల కింది నేలకు అంటుంది కదా! నముచి కథలో లేని యుక్తి ఇది. అక్కడ ఇంద్రుడు మార్చింది ఆయుధాన్ని, నువ్వు మార్చింది గురిని. కానీ వఱద నురుగు మనిషిని ముంచుతుంది, మెడ నఱకదు. మూడో పాదం మళ్లీ చూడు.

కొత్తకలం: మూడో పాదం ఇలా మార్చాను:

మాయ చలిగాలి విసరంగ మంచుగట్టు
నురుగు నఱికెను గంఠము నూత్నరీతి!

చలిగాలి మాయదే, దాంతో గడ్డకట్టిన అంచు మాత్రం ఉత్త మంచు. అందుకే వాడి రక్ష దాన్ని ఆపలేదు.

కృష్ణాతీరం: శభాష్! "మంచు కట్టు" గసడదవాదేశంతో (ఇక్కడ క ను గ గా మార్చే సంధి) "మంచుగట్టు" అయింది, మా–మం యతి కుదిరింది. నురుగుకు పదును ఎక్కడిదో ఇప్పుడు పద్యమే చెబుతోంది. నా పూరణలో ఆ పదును వరం మాటున దాగి ఉంది, నీ దాంట్లో కంటికి కనబడుతోంది.

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు కొత్తకలానికే. తేనెమాటగారి రెండో పద్యం కోసం ఇదే పాదాన్ని మరో వారం ఉంచుతున్నాను.