1840ల రష్యన్ జమీందారు వితంతువు: ఆస్తి, మఠం సంగతులు

గుంటూరు_రంగస్థలం: పరిషత్తు పోటీకి నాటిక రాస్తున్నాం. భర్త పోయిన 32 ఏళ్ల రష్యన్ కులీన స్త్రీ; ఒక కొడుకు, ఒక కూతురు. ఆస్తంతా మరిది లాక్కుంటే ఆమె సన్యాసినిగా మారుతుంది. కుదురుతుందా?

బ్రాడీపేట_చరిత్ర: రెండూ కుదరవండీ. 1753 నుంచే అక్కడ పెళ్లయిన స్త్రీ తన ఆస్తిని భర్త అనుమతి లేకుండా అమ్ముకోగలదు. కట్నం ఆమెదే. అది కాక భర్త స్థిరాస్తిలో 1/7, చరాస్తిలో 1/4 వంతు ఆమెకొస్తుంది. కూతురికి 1/14, 1/8. మిగిలింది కొడుక్కి. కొడుకుండగా మరిదికి వాటా రాదు. అతన్ని మైనర్ల ఆస్తికి సంరక్షకుడిగా పెట్టండి. లెక్కలు తారుమారు చేయడానికి దారి అదే.

కృష్ణలంక_పాఠకుడు: మఠానికి 32 చాలదు. 1832 నిబంధన ప్రకారం స్త్రీకి 40 దాటాకే దీక్ష. అప్పటిదాకా మఠంలో శిష్యురాలిగా ఉండొచ్చు. దీక్షకు ముందే వంశపారంపర్య భూములు వారసులకు అప్పగించాలి. పైగా పసిపిల్లల తల్లి అంటే మఠం వెంటనే ఒప్పుకోదు.

గుంటూరు_రంగస్థలం: పోనీ, మరిదితోనే పెళ్లి?

బ్రాడీపేట_చరిత్ర: వద్దు, ఆర్థడాక్స్ చర్చి ఒప్పదు.

కృష్ణలంక_పాఠకుడు: కర్మకాండ సీను ఉంటే మన పదకొండో రోజు పెట్టేయకండి. వాళ్లకు 3, 9, 40వ రోజుల్లో ప్రార్థన. ఉడికించిన గోధుమల్లో తేనె కలిపిన ‘కుత్యా’ పంచుతారు. ఆమెను పరిచయస్తులు మర్యాదగా పిలిచేటప్పుడు, ఉదాహరణకు ‘మరియా నికొలాయెవ్నా’ (నికొలాయ్ కూతురు మరియా) అని తండ్రి పేరు కలిపి పిలవాలి.