మడ్డి బీరా, తేట బీరా? చీనీ రసంలా ఉన్నదానికి అంత డబ్బు పెట్టాలా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

పోయిన నెల పెళ్లికని హైదరాబాద్ పోతే మా తమ్ముడు ఒక మైక్రోబ్రూవరీకి (అక్కడికక్కడే బీరు కాచి అమ్మేచోటు) తీసుకుపోయినాడు. "హేజీ ఐపీఏ" (హేజీ అంటే మసక, ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్ అనే ఒక రకం బీరు) అని ఒక గ్లాసు తెచ్చి పెట్టినారు. పసుపచ్చగా, చిక్కగా, గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనపడదు. బండి మీద చీనీ రసం వడగట్టకుండా పోసినట్టు ఉంది. వెయిటర్ని పిలిచి "పీపా అడుగుది పోసినావేమో చూడు నాయనా" అన్నాను. "అది అట్లే ఉంటుంది సార్" అని నవ్వినాడు.

1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్జెన్ ఊర్లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా ఆయన బంగారు రంగులో మెరిసే లాగర్ (చల్లగా నిలవబెట్టి చేసే బీరు) కాచినాడు. దానికి నాలుగేళ్ల ముందు అదే ఊర్లో, చెడిపోయిన బీరు పీపాలకు పీపాలే వీధిలో పారబోసినారు. తేట బీరు ఊరికే రాలేదు. చల్లని నేలమాళిగలో వారాల తరబడి పెడితే మడ్డి దిగుతుంది. ఇప్పటోళ్లకు ఆ ఓపిక లేదు. తేరకముందే అమ్మేసి, దానికో పేరు తగిలించినారు. ఇది కొత్త రకమా, పని ఎగ్గొట్టడమా? మీరే చెప్పండి.

చీనీతోట (అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో):

బురుజన్నా, మా చీనీకాయను మధ్యలోకి లాగినావు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

ఆ మసక పీపా అడుగు మడ్డి అనుకున్నావు. సరిగ్గా కాచిన హేజీలో మసక ఎక్కువగా వచ్చేది రెండింటి నుంచి. ఓట్స్, గోధుమల్లోని ప్రోటీను ఒకటి. హాప్స్‌లోని (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు ఇంకొకటి. ఈ రెండూ పట్టుకుని సన్నటి రేణువుల్లా తేలుతుంటాయి. హాప్స్‌ను పాత ఐపీఏలో మరిగేటప్పుడే వేసి గంటసేపు ఉడికిస్తారు, అందుకే నాలుక మీద వేపాకు నమిలినట్టు చేదు. ఇందులో పొయ్యి ఆపినాక కొంత, పులిసేటప్పుడు, పులిసినాక ఎక్కువ వేస్తారు. చేదు తక్కువ దిగుతుంది, వాసన నిలుస్తుంది. మామిడి, నారింజ వాసన వస్తుంటే పండ్ల రసం కలిపినారని చాలామంది అనుకుంటారు. చాలా హేజీల్లో పండు ముక్క కూడా ఉండదు, అంతా హాప్స్ పనే.

అమెరికాలో వర్మాంట్ రాష్ట్రంలో జాన్ కిమిచ్ అనే ఆయన 2004లో హెడీ టాపర్ అనే బీరు మొదలుపెట్టినాడు. న్యూ ఇంగ్లండ్ ఐపీఏ అనే పేరు వెనక ఉన్నది ఎక్కువగా ఆ బీరే. 2018లో అక్కడి బ్రూవర్స్ అసోసియేషన్ హేజీని ప్రత్యేక రకంగా తన జాబితాలో పెట్టింది. పని ఎగ్గొట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. తేట బీరులో లేరా?

కొండారెడ్డి బురుజు:

ఆ హెడీ టాపర్ డబ్బా మీద ఏం రాసుంటుందో కూడా చెప్పు సామీ. "డబ్బాలోంచే తాగండి" అని ఉంటుంది. గ్లాసులో పోయొద్దంట! పెళ్లిచూపుల్లో మొహానికి టవలు కప్పుకొని కూర్చున్న పెళ్లికొడుకు మాదిరి.

చీనీతోట:

వాసన పోకూడదని అట్ల రాసినామంటారు. కానీ టవలు మాటకు నవ్వాపుకోలేకపోయినా అన్నా.

గండికోట గాలి (జమ్మలమడుగు):

ఏంబ్బా, మీ ఇద్దరినీ ఒకటడుగుతా. ఈతకల్లు తేటగా ఉంటే తాగుతారా? మా పక్క కల్లు నీళ్లలా కనపడితే ఏదో కలిపినారని గొడవకు దిగుతారు. తెల్లగా, నురగతో, అడుగున మడ్డితో ఉంటేనే కల్లు. మడ్డి తాగి పెరిగిన సీమోళ్లకు సీసాల కంపెనీలు తేట అలవాటు చేసినాయి, ఇప్పుడు మడ్డి చూస్తే మొహం చిట్లిస్తున్నాం.

కొండారెడ్డి బురుజు:

ఈ మాట బాగుంది. కానీ కల్లును పొద్దున దించితే పొద్దున్నే తాగుతాం. సాయంత్రానికి పులిసిపోతుంది. నీ హేజీ సంగతేంది మరి?

చీనీతోట:

ఇక్కడ నేను తగ్గక తప్పదు. పోయిన ఎండాకాలం ఒక హేజీ క్యాన్ కొని, రూములో అల్మారాలో పెట్టి మర్చిపోయినా. ఫ్రిజ్‌లో కూడా కాదు. మూడు వారాలకు గుర్తొచ్చి, చల్లార్చి గ్లాసులో పోస్తే, పసుపచ్చగా ఉండాల్సింది తడిసిన గోనెసంచి రంగు. పైన నురగ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడి లేదు, నారింజ లేదు, వానకు తడిసిన అట్టపెట్టె వాసన. ఒక గుక్క తాగి సింకులో పోసినా. హాప్స్ ఎక్కువ వేసిన బీరుకు గాలి, వేడి తగిలితే ఇంతే. హేజీ మరీ త్వరగా పోతుంది. అదే అల్మారాలో పక్కనే ఒక లాగర్ కూడా ఉండింది. కొంచెం చప్పబడింది గానీ తాగగలిగినా.

కాబట్టి హేజీ గొప్పదే, కానీ కాచినచోట పీపా నుంచి వంచుకుని తాగాల్సిందే. ఏప్రిల్‌లో అనంతపురం ఎండలో, లారీలో, గోడౌన్‌లో తిరిగొచ్చిన హేజీని నేనైతే ముట్టను.

కుండనీళ్లు (కడప):

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, కొంచెం జోక్యం చేసుకుంటాను. "మసక" అనే ఒక్క మాటతో మీరు మూడు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నారు. జర్మన్ల హెఫెవైజెన్ అనే గోధుమ బీరు మసకకు ప్రధానంగా ఈస్టు కారణం. అదే బీరును వడగడితే క్రిస్టల్‌వైజెన్ అంటారు, రెండూ అక్కడ అమ్ముతారు, ఎవరూ కొట్టుకోరు. హేజీ ఐపీఏది ప్రోటీను మసక, చీనీతోట సరిగ్గానే చెప్పాడు. ఇక మూడోది చలి మసక. తేట బీరునే బాగా చల్లబరిస్తే మబ్బు పడుతుంది, గది వేడికి వస్తే పోతుంది. ఎవరైనా మసక బీరు ఇస్తే గ్లాసును పది నిమిషాలు చేతుల మధ్య పట్టుకుని చూడండి. తేరుకుంటే అది హేజీ కాదు.

బురుజు గారికి ఒక చేదు వార్త. తేట బీరంతా ఓపికతోనే వచ్చిందనుకోకండి. ఇంగ్లండులో పీపా బీరు తేరడానికి ఐసింగ్లాస్ వేసే అలవాటు ఉంది. అంటే చేపల గాలితిత్తిని ఎండబెట్టి చేసిన పదార్థం. మా అవ్వ బురదనీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసేది చూశారా, అలాంటి పనే. మురికిని పట్టుకుని అడుగుకు దించుతుంది. శనివారం మాంసం ముట్టని మా బంధువు ఒకాయనకు ఈ సంగతి చెప్పాను, అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

నీళ్ల మాట కూడా ఎవరూ ఎత్తలేదు. నీళ్లలో సల్ఫేటు ఎక్కువుంటే చేదు పదునుగా, పొడిగా తగులుతుంది. క్లోరైడు ఎక్కువుంటే నోట్లో నిండుగా, మెత్తగా ఉంటుంది. హేజీ కాచేవాళ్లు అందుకే క్లోరైడు వైపు మొగ్గుతారు. పాత ఇంగ్లీషు ఐపీఏకు పేరు తెచ్చిన బర్టన్ ఊరి బావినీళ్లలో జిప్సం, అంటే ఒక రకం సల్ఫేటు, బాగా ఉండేది. మన బోరునీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది కదా, ఆ నీళ్లను సరిచేయకుండా ఇక్కడెవరైనా హేజీ కాస్తే ఎలా ఉంటుందో అని నాకొక కుతూహలం.

గండికోట గాలి:

సార్, చేప తిత్తి మాట నాకు తెలియకుండా ఉంటే బాగుండేది.

కొండారెడ్డి బురుజు:

చిల్లగింజతో నన్ను కొట్టినారు సార్. సరే, "పని ఎగ్గొట్టడం" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా డబ్బు మాత్రం ఇంకా పిల్జెన్ ఆయన మీదే. తేట బీరులో చిన్న తప్పు జరిగినా నాలుకకు తెలిసిపోతుంది. హేజీలో మామిడి వాసన అడ్డం పెట్టుకుని ఎన్ని దాచొచ్చో!

చీనీతోట:

ఆ వాసన త్వరగా పోతుందని ఇందాకే ఒప్పుకున్నా కదన్నా, ఇంకేం దాస్తుంది? ఈసారి బెంగళూరుకు రా. నీకో పిల్స్‌నర్ (మీ పిల్జెన్ రకం తేట లాగర్), నాకో హేజీ. ఆర్డరిచ్చే ముందు ఆ పీపా ఎప్పుడు తెరిచినారో నువ్వే అడుగు. తెలీదంటే ఇద్దరమూ పిల్స్‌నరే తాగుదాం.

కొండారెడ్డి బురుజు:

బిల్లు ఎవరిది?