అంగన్‌వాడీ మూసేశాక పిల్లల్ని ఎక్కడ ఉంచుతున్నారు? గుంటూరు, విజయవాడ వాళ్లు చెప్పండి

గుంటూరు అమ్మ
నేను మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తాను. పాపకి మూడున్నరేళ్లు. అంగన్‌వాడీలో అన్నం, గుడ్డు, పాలు బాగానే పెడుతున్నారు, కాదనను. ఇబ్బందల్లా నాలుగింటి తర్వాతే. మాకు పని దిగేసరికి ఆరు దాటుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఒంటిపూట, మాకేమో సరిగ్గా అప్పుడే పని ఎక్కువ. పన్నెండింటికి పిల్లని ఎవరికి అప్పజెప్పాలి? కాయల పక్కన కూర్చోబెడితే ఆ ఘాటుకి ఒకటే దగ్గు. నా చేతులు సబ్బుతో బాగా కడుక్కుంటే గానీ దాని మొహం తుడవలేను. మీరంతా ఏం చేస్తున్నారు?

సింగ్‌నగర్ ఆటో
మేము పక్కింటి మామ్మగారికి నెలకింతని ఇస్తున్నాం అమ్మా. ఆవిడకి ఒంట్లో బాగోకపోతే ఆ రోజు నా బండి ఆగిపోతుంది. ప్రభుత్వం తల్లులకిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు ఒకటో తరగతి నుంచే. మూడేళ్ల పిల్లకి అందులో ఏమీ రాదు, ఖర్చు మాత్రం ఇప్పుడే.

కృష్ణలంక
దీనికి పథకం ఉందండి. 2022లో కేంద్రం మహిళల కోసం తెచ్చిన మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పెట్టారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని చూసుకునే క్రెష్‌లు. ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. అంగన్‌వాడీల్లోనే క్రెష్ కలిపి నడిపేవి దేశం మొత్తానికి 17,000 అన్నారు. ఉన్న అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. అంటే ఎనభైకి ఒకటి. మాట ఇచ్చినంత మేరకు అన్నీ తెరిచినా మన వీధి దాకా రావడం కష్టమే.

టీచర్ కూతుర్ని
మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. ‘ఇంకో రెండు గంటలు ఉంచుకోవచ్చుగా’ అని తల్లులు అడుగుతుంటారు, వాళ్ల బాధ అమ్మకి తెలుసు. కానీ పొద్దున్నే హాజరు, వంట సరుకులు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం ఫొటో... అన్నీ ఆవిడే చూసుకోవాలి. సర్వర్ తిరుగుతూ ఉంటే అమ్మకి టెన్షన్, ఎదురుగా పిల్లలు ఏడుస్తుంటారు. 2019లో జీతం 11,500 చేశారు. అది పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు, మధ్యలో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. సాయంత్రం వేళ కావాలంటే దానికి వేరే మనిషిని వేయాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి. ఉన్నవాళ్ల నెత్తిన పెట్టొద్దు.

గుంటూరు అమ్మ
నిజమే అక్కా, మీ అమ్మగారిని ఉండమనను. క్రెష్‌కి వేరే మనుషులుంటారా?

కృష్ణలంక
పాల్నాలో క్రెష్ వర్కర్, హెల్పర్ విడిగా ఉంటారు. అందుకే అర్జీలో ‘అంగన్‌వాడీ వేళలు పెంచండి’ అని కాకుండా ‘పాల్నా క్రెష్ మంజూరు చేయండి’ అని రాయండి. పిల్లల పేర్లు, వయసులు, తల్లుల పని వేళలు జత చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌కి, అంటే ప్రజల అర్జీలు తీసుకునే చోట, ఇచ్చి రసీదు తీసుకోండి.

గుంటూరు అమ్మ
మాతో పనికొచ్చే వాళ్లందరి దగ్గర సంతకాలు తీసుకుంటాను. సింగ్‌నగర్ అన్నా, మీ వైపు కూడా పెడతానంటే అర్జీ రాశాక ఇక్కడే ఫొటో పెడతాను.

సింగ్‌నగర్ ఆటో
పెట్టమ్మా. మా లైన్‌లో ఇళ్లల్లో పనికెళ్లే తల్లులు చాలామందే ఉన్నారు, అడుగుతాను.