నాన్నగారి ల్యాండ్‌లైన్‌లో నంబరు పడటం మానేసింది, ఫోన్ పాడైనట్టేనా?

లంకమ్మాయి:
రాజమండ్రిలో మా నాన్నగారి ఇంటికి పోయిన నెల రాగి తీగ తీసేసి ఫైబర్ వేశారు. నంబరు అదే, ఫోనూ అదే. ఇరవయ్యేళ్ల కిందట కొన్న పెద్ద అంకెల డబ్బా. మాటలో ఇదివరకటి గరగర పోయింది గానీ, ఎవరు చేస్తున్నారో నంబరు పడట్లేదు. ఆయన నంబరు చూడందే ఎత్తరు. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్న వాటితో సరిచూసుకుని మరీ ఎత్తుతారు. ఇప్పుడు నేను చేసినా ఎత్తట్లేదు! పక్కింటి పిన్నిగారికి చేసి "మోగేది నేనే అని చెప్పండి" అనాల్సి వస్తోంది. బిగించిన కుర్రాడేమో ఫోన్ పాడైందని తేల్చేసి వెళ్లాడు. నిన్నటిదాకా పనిచేసింది తెల్లారేసరికి ఎలా పాడవుతుందండీ?

కాకినాడ కాజా:
సెల్లులు మార్చి చూశారా? మాదానికి మూడు సన్న సెల్లులు పడతాయి.

లంకమ్మాయి:
మార్చానండీ. టైము, తేదీ బాగానే చూపిస్తోంది.

పాత ఎక్స్‌చేంజి మనిషి:
ఒక్కటి చెప్పమ్మా. పాత లైన్‌లో నంబరు పడ్డాక మోగేదా, మోగాక పడేదా?

లంకమ్మాయి:
పడ్డాకే మోగేదండీ. డబ్బాలో లైటు వెలగ్గానే అమ్మ "అదిగో" అనేది, అప్పుడు మోగేది.

పాత ఎక్స్‌చేంజి మనిషి:
అయితే ఫోన్‌కి ఏ రోగమూ లేదు. భాష మారింది, అంతే.

చేసేవాళ్ల ఫోన్ తన నంబరు పంపదు. అది ఎక్స్‌చేంజి నుంచి ఎక్స్‌చేంజికి వేరే దారిలో వస్తుంది. చివర్లో మన ఎక్స్‌చేంజి దాన్ని మన తీగ మీద పలికిస్తుంది. ఫోన్ పెట్టేసి ఉన్నా లోపలి కాలర్ ఐడీ ఆ మాట వింటూనే ఉంటుంది.

పలికించడం రెండు రకాలు. మన దగ్గర చాలా ఎక్స్‌చేంజీలు డీటీఎంఎఫ్ వాడాయి. మీట నొక్కితే టుయ్ టుయ్ మంటుందే, అవే మోతలు. ఒక్కో అంకెకి రెండు శ్రుతులు కలిసి వస్తాయి, 5 అంటే 770, 1336 హెర్ట్జ్. మీకు రింగుకి ముందే వచ్చింది ఇదే. తప్పు పట్టుకునే ఏర్పాటు ఇందులో లేదు. వానాకాలం జాయింట్లు తడిస్తే ఒక అంకె రాలిపోయి నంబరు కురచగా పడేది. ఆ ఫిర్యాదులు నేను ఎన్ని రాసుకున్నానో!

రెండోది ఎఫ్‌ఎస్‌కే. మొదటి రింగు ఆగాక, రెండోది మొదలయ్యేలోపు సెకనుకు 1200 బిట్ల చొప్పున ఒక చిన్న కూత కూస్తుంది. చివర్లో సరిచూసుకునే లెక్క కూడా వస్తుంది కాబట్టి తేడా వస్తే ఫోన్ పట్టేస్తుంది.

ఫైబర్ వచ్చాక ఆ పలికించే పని మీ హాల్లో గోడకున్న పెట్టెది. అది ఎఫ్‌ఎస్‌కేలో కూస్తోంది, మీ డబ్బాకి డీటీఎంఎఫ్ ఒక్కటే వచ్చినట్టుంది. చాలా పెట్టెల్లో దీన్ని మార్చే సెట్టింగు ఉంటుంది, కాకపోతే లాగిన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ముందు వేరే ఫోన్ తగిలించి చూడు. అడుగున 'ఎఫ్‌ఎస్‌కే/డీటీఎంఎఫ్' అని రెండూ రాసి ఉండాలి.

డాలస్ బావగారు:
ఇక్కడ పేరు కూడా పడుతుంది. అదీ చేసేవాడి నుంచి రాదు, అందుకునేవాళ్ల కంపెనీ నంబరు చూసి డేటాబేస్‌లోంచి తెస్తుంది. పదిహేను అక్షరాలే పడతాయి. మా ఇంటిపేరుకే సరిపోయి, నేను సగంలో తెగిపోతాను.

లంకమ్మాయి:
మాస్టారూ, మీరన్నట్టే! పిన్నిగారి ఫోన్ తిరగేస్తే రెండూ రాసి ఉన్నాయి. తగిలించి నా మొబైల్ నుంచి చేశా. ఒక రింగు అయ్యాక నా నంబరు పడింది. నాన్నగారు ఎత్తి, "ముందు మోగి తర్వాత చెప్పడమేంటే, నా డబ్బా నాకు కావాలి" అన్నారు. సెట్టింగు మార్చమని కుర్రాడికి చెప్పాను, సోమవారం వస్తానన్నాడు. అప్పటిదాకా పిన్నిగారి ఫోన్ మా ఇంట్లోనే.